మరమనిషికి మనసైతే... మా చిన్నమ్మకి సవితి!

హీరో హీరోయిన్ని ప్రేమిస్తాడు, విలన్ కుళ్లుకుంటాడు... ఇంతేగా మన సినిమా కథ! మూకీల కాలం నుంచీ ఈ మూడుముక్కలాట ఆడీ ఆడీ పేకలు అరిగిపోయాయి. మరి ఆ ముగ్గురిలో ఒకర్ని లేపేసి, ఆ కుర్చీలో ఓ యంత్రాన్ని కూర్చోబెడితే? కుళ్లుకునేది మనిషి కాక ఓ ఇనప డబ్బా అయితే? వినడానికి నవ్వులాటగానే ఉంటుంది. తీసినవాళ్లూ నవ్వించడానికే తీశారు. అయితే ఈమధ్య ఓ రాత్రి మా ఉద్దానంలో, మా చిన్నమ్మ ఇంట్లో, అలాంటి బొమ్మ ఒకటి వేసి చూపించాక ఆ నవ్వులాట నాకు మరోలా కనిపించడం మొదలుపెట్టింది. ఆ సంగతికి వచ్చేముందు మన చిట్టిని ఒకసారి పలకరించాలి.

చిట్టి అంటే తెలుసుగా? ‘రోబో’లో రజనీకాంత్ వేసిన మరమనిషి. శంకర్ దర్శకత్వంలో తమిళంలో ‘ఎందిరన్’గా తయారై, 2010 అక్టోబరు 1న తెలుగులోనూ విడుదలైంది. అప్పుడు నేను టెక్కలిలో డిగ్రీ వెలగబెడుతున్నాను. మొదటివారంలోనే ఐదుగురం ఆర్టీసీ బస్సెక్కి కాశీబుగ్గ వెళ్లి, ఫస్ట్ షోకి టిక్కెట్లు దొరక్క సెకండ్ షో దాకా బయట వేరుశెనక్కాయలు తింటూ కూర్చున్నాం. హాల్లోకి అడుగుపెట్టగానే ఒకటే ఈలలు, కాగితం ముక్కల వాన! పైగా ఇద్దరు రజనీలు. శాస్త్రవేత్తా ఆయనే, ఆయన తయారుచేసిన యంత్రమూ ఆయనే. ద్విపాత్రాభినయాలు మనకి కొత్తా ఏమిటి? రాముడు–భీముడు నాటినుంచీ చూస్తున్నవే. కానీ అక్కడ కవలలు. ఇక్కడ ఒకడు యజమాని, రెండోవాడు చాకిరీ చేసేవాడు.

ఆ రాత్రి హాల్లో గమ్మత్తు ఏమిటంటే, జనం యజమాని పక్షాన లేరు. అసలు కథానాయకుడు ఆయనే. ఐశ్వర్యారాయ్ మనసిచ్చిందీ ఆయనకే. అయినా ఈలలన్నీ చిట్టికే పడ్డాయి! పిల్లను కుట్టిన దోమని వెతుక్కుంటూ వెళ్లి, దాన్ని పట్టుకొచ్చి ఆవిడకి క్షమాపణ చెప్పించిన ఘట్టంలో పిల్లలూ పెద్దలూ కుర్చీల్లోంచి లేచి గంతులేశారు. పురుడు పోసి తల్లీబిడ్డల్ని కాపాడినప్పుడు చప్పట్లు. ఆ సంతోషంలో ఆవిడ ఓ ముద్దు పెడుతుంది చూశారూ, అక్కడ మొదలైంది వాడి అవస్థ. సైన్యం పెద్దల ముందు తుపాకుల సంగతి చెప్పవలసినవాడు ప్రేమ కవిత్వం మొదలుపెడతాడు. తయారుచేసిన చేతులే గొడ్డలి తీసుకుని వాడిని ముక్కలు ముక్కలుగా నరుకుతాయి. చెప్పొద్దూ, అంతసేపు గోల చేసిన హాలు ఒక్కసారిగా చప్పబడిపోయింది.

తిరిగివచ్చేటప్పుడు రాత్రి బస్సులేక లారీ ఎక్కాం. జీడిపిక్కల బస్తాల మీద పడుకుని మా మిత్రుడొకడు అన్నమాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. “ఒరే, చిట్టిగాడు మనలాంటోడే. అన్నీ నేర్పినారు, అన్నిట్లోనూ ఫస్టొచ్చినాడు. ఆడికేటి కావాలో ఆడు అడిగితే మాత్రం గొడ్డలి!” డిగ్రీ మూడో సంవత్సరం, చేతిలో ఉద్యోగం లేదు, ఇష్టపడ్డ పిల్లకి విశాఖపట్నంలో సంబంధం చూస్తున్నారు. వాడికి రజనీ కనపడలేదు, వాడే కనపడ్డాడు.

అన్నట్టు, ఆ చిత్రం మీద నాకో పేచీ ఉంది. రెండో సగంలో ఎవడో దుర్మార్గుడు వచ్చి చిట్టి బుర్రలో ఎర్ర చిప్పు ఒకటి పెడతాడు. అక్కణ్ణించి వాడు రాక్షసుడైపోతాడు, పెళ్లిపందిట్లోంచి పిల్లని ఎత్తుకుపోతాడు, తనలాంటి వాళ్లని వందల్లో తయారుచేసుకుంటాడు. గ్రాఫిక్సు మహ బాగున్నాయి, కాదనను. కానీ అసూయకి చిప్పు ఎందుకండీ? గొడ్డలి వేట్లు తిన్నవాడికి అది ఊరికే రాదూ? చిప్పు పెట్టేసరికి తప్పంతా దుర్మార్గుడి ఖాతాలో పడింది, నరికినవాడు శుభ్రంగా హీరోగానే మిగిలిపోయాడు. కథకులు చేసిన ఈ చిన్న చమత్కారం నాకిప్పటికీ మింగుడుపడదు. చివర్లో చిట్టి తన అవయవాలు తానే విప్పుకుని, ఒక్కొక్కటే కింద పెడుతూ సెలవు తీసుకునే దృశ్యంలో ఆ పాపం కాస్త కడుక్కున్నారనుకోండి. 2018లో వచ్చిన ‘2.0’లో అమీ జాక్సన్ని ఆడ మరమనిషిగా తెచ్చి చిట్టికి జోడీ కుదిర్చారు గానీ, మొదటి ప్రేమలో ఉన్న పస అందులో ఏదీ?

మనిషి కాని మనిషితో పెళ్లి, ప్రేమ అనేవి మనకి శంకర్ నేర్పినవి కావు. 1957లో కె.వి.రెడ్డిగారి ‘మాయాబజార్’ చూడండి. శశిరేఖ స్థానంలో మాయా శశిరేఖ. పైకి సావిత్రి, లోపల ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు! పాపం లక్ష్మణకుమారుడు రేలంగి ఆ బొమ్మకి మనసిచ్చి, కాలు తొక్కించుకుని లబోదిబోమంటాడు. సావిత్రిగారు ఆడపిల్ల నడకలో రాక్షసుడి దర్పం చూపించిన తీరు తలుచుకుంటే, ఈనాడు ఎన్ని కంప్యూటర్లు పెట్టి బొమ్మకి ప్రాణం పోసినా అంత రాదేమో అనిపిస్తుంది.

ఇంతకీ రోబో అన్న మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? నాటకంలో! చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ‘ఆర్.యు.ఆర్.’ అని ఒక నాటకం రాశాడు. ఆ మాట సూచించినవాడు ఆయన అన్న జోసెఫ్. వాళ్ల భాషలో ‘రొబోత’ అంటే వెట్టిచాకిరి. వెట్టి అంటే ఏమిటో మా శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. నాటకంలో మరమనుషులు తిరగబడి మానవజాతిని తుడిచిపెడతారు. మిగిలిన ఒక్క మనిషి, ఒక ఆడ రోబోని, ఒక మగ రోబోని పిలిచి, మీలో ఒకర్ని కోసి పరీక్ష చేయాలంటాడు. ఆమెని వదిలి నన్ను కోయమంటాడు అతడు, అతణ్ణి వదిలి నన్ను కోయమంటుంది ఆమె. అంటే పేరు పెట్టిన మొదటి నాటకంలోనే మరమనిషికి చాకిరీ, తిరుగుబాటు, ప్రేమ మూడూ ఉన్నాయి. ఈ నూరేళ్లలో మనవాళ్లు కలిపినదల్లా సవితి పోరు.

ఇక అసలు కథకి వద్దాం. ఈమధ్య సెలవులకి ఉద్దానం వెళ్లాను. కవిటి వైపు, సముద్రం హోరు రాత్రిళ్లు వినపడే ఊరు. మా చెల్లెలు, అంటే చిన్నమ్మ కూతురు, ఇంటర్మీడియట్ చదువుతోంది. దానికి ‘కల్కి 2898 ఏడీ’ పిచ్చి. నాగ్ అశ్విన్ తీసిన ఆ చిత్రం 2024 జూన్ 27న వచ్చింది కదా. అందులో ప్రభాస్ నడిపే బండి బుజ్జి. బండికి బుర్ర ఉంటుంది, నోరు ఉంటుంది, ఆ నోటికి కీర్తి సురేశ్ గొంతు ఉంటుంది. చిత్రానికి ముందు మే 31న ‘బుజ్జి అండ్ భైరవ’ అని బొమ్మల కథ కూడా వదిలారు. ‘ఛోటా భీమ్’ తీసిన హైదరాబాదు గ్రీన్ గోల్డ్ వారి చేతివాటమే అది. మొగుడూ పెళ్లాల్లా ఆ బండీ, ఆ మనిషీ ఒకటే కీచులాట. మా ఊళ్లో ఆటో తోలే కుర్రాడు తన ఆటో వెనక ‘బుజ్జి’ అని రాయించుకున్నాడంటే చూడండి మరి!

“అన్నయ్యా, బుజ్జి భైరవని ప్రేమిస్తే ఎలా ఉంటాది?” అంది చెల్లెలు. “అలాంటిది అమెరికావాళ్లు ఎప్పుడో తీసేశారు” అని ల్యాప్‌టాప్ తెరిచాను. ‘ఫ్యూచరామా’ అని బొమ్మల హాస్య ధారావాహిక. అందులో ‘లవ్ అండ్ రాకెట్’ అనే భాగం, 2002 ఫిబ్రవరి 10న, ప్రేమికుల రోజు ముంగిట ప్రసారమైంది. ఇంగ్లీషు కాబట్టి వెనకటి మూకీ హాళ్లలో కర్ర పట్టుకుని కథ చెప్పే వ్యాఖ్యాత అవతారం ఎత్తాను. వాకిట్లో చెల్లెలు, పక్కింటి పిల్లలు ఇద్దరు, పొట్లకాయ తరుగుతూ చిన్నమ్మ. ఇదీ నా ప్రేక్షకలోకం!

కథ ఇదీ. వెయ్యేళ్ల తర్వాతి కాలంలో ఓ సామాన్లు చేరవేసే కంపెనీ. వాళ్లకో అంతరిక్ష నౌక. ముసలి ప్రొఫెసరు ఆ నౌకకి కొత్త బుర్ర, ఆడగొంతు పెడతాడు. ఆ గొంతు ఎవరిదనుకున్నారు? ‘ఏలియన్’ కథానాయిక సిగోర్నీ వీవర్‌ది! ఆ కంపెనీలోనే పనిచేసే బెండర్ అనే రోబో ఉన్నాడు. తాగుబోతు, దొంగ, నోటిదూల గలవాడు. వీడికీ నౌకకీ ప్రేమ కుదురుతుంది. నాలుగురోజులు షికార్లు. తర్వాత వీడికి మొహం మొత్తుతుంది, వేరే ఆడ రోబోల వెంట పడతాడు. ఆ వాసన నౌకకి తగులుతుంది. ఎక్కడికెళ్లావు, ఎవరితో ఉన్నావు అని ఆరాలు, ఏడుపులు. చివరికి అంతరిక్షం నడిమధ్యలో, నీకూ నాకూ చెల్లు అంటాడు బెండర్. ఇక చూడండి! నౌక లోపల గాలి ఆపేసి, దూరంగా భగభగ మండే క్వేజార్ వైపు తిరుగుతుంది. అందులో పడి ఇద్దరం కరిగి ఒక్కటైపోదాం అంటుంది!

పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఫ్రై అనే కుర్రాడు ఊపిరాడక పడిపోతున్న తన నెచ్చెలికి, ఆమెకి తెలియకుండా తన గాలిగొట్టం తగిలించి తాను సొమ్మసిల్లే చోట మా చెల్లెలు కళ్లు తుడుచుకుంది. కథంతా వాడు చక్కెరబిళ్లల మీద అచ్చేసిన మాటల్లో ఆ అమ్మాయికి సరిపోయే మాట కోసం వెతుకుతూనే ఉంటాడు. తీరా దొరికిన మాట ఊపిరాడకపోవడం గురించే! రాసినవాడి తెలివికి నేనూ దణ్ణం పెట్టాను. ఇటు బెండర్ నౌకకి తీపి కబుర్లు చెబుతూ మరిపిస్తుంటే, అటు కెప్టెనమ్మ ఆ బుర్రని ఆర్పేస్తుంది. కథ సుఖాంతం.

“ఏటి సుఖం?” అంది చిన్నమ్మ.

కత్తిపీట పక్కకి జరిపింది. “తప్పంతా ఆ డబ్బాగాడిది. మాటిచ్చినాడు, ఒగ్గేసినాడు. మళ్లీ ఆడే మాయమాటలు సెప్పి దాని పీక నొక్కించినాడు. దానికి మతిపోయిందని మీరు నవ్వుతున్నారు. మతి పోనేదురా నాయినా, కడుపు మండింది. ఓడైతే మాత్రం, మోసినన్నాళ్లు మోసింది కదేటి?”

నేను ఈ చిత్రాల మీద ఎన్నో సమీక్షలు చదివాను, కొన్ని రాశాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు. “అంత బాగా ఎలా కనిపెట్టావు చిన్నమ్మా?” అన్నాను.

“నాకూ ఉంది కదరా ఒక సవితి” అంది.

బాబాయి అరుగుమీంచి దగ్గాడు. కంగారుపడకండి, ఆయన సంగతి కాదు! చిన్నమ్మ సవితి పలాసలో ఉంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో. పేరు కలర్ సార్టర్.

పలాస జీడిపప్పు తినని వాళ్లుండరు గానీ, అది పళ్లెంలోకి వచ్చేముందు ఎన్ని చేతులు మారుతుందో తెలిసినవాళ్లు తక్కువ. పిక్కల్ని ఎండబెట్టి, ఆవిరిలో ఉడికించి, ఒక్కొక్కటీ కోసి పప్పు తీసి, పొయ్యిలో వేడిచేసి, పొట్టు వలిచి, ఆఖరున ఏరతారు. మచ్చలేని గుళ్లు ఒకవైపు, కమిలినవి ఒకవైపు, బద్దలు, ముక్కలు వేరే. గుళ్లలో మళ్లీ సైజులు. 180 రకం అంటే పౌను బరువుకి 180 గుళ్లకి మించి తూగకూడదు. 320 అంటే చిన్నవి. చిన్నమ్మ ఆ తేడా చూసి కాదు, వేళ్లతో తాకి చెప్పేది. ఇరవై ఏళ్ల సాధన. అందులో మొదటి పదేళ్లూ పిక్కలు కోసింది. పెంకులోని జీడి చర్మాన్ని తినేస్తుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా అరచేతులు నల్లబడి పొరలు ఊడతాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. చిన్నమ్మవాళ్ల తోట కూడా అలాగే పోయింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది. అంతవరకూ ఫ్యాక్టరీ కూలి చేతిఖర్చుకి ఉండేది. ఆ తర్వాత దానిమీదే పొయ్యి వెలిగింది. అలాంటి సమయంలో వచ్చిందీ సవితి!

పైనుంచి పప్పు వరసలుగా జారుతుంటుంది. లోపలి కెమేరా కళ్లు ఒక్కొక్క గింజనీ చూస్తాయి. మచ్చ కనపడగానే పక్కనించి గాలి ఉఫ్ మని ఊదుతుంది, కమిలిన గింజ వేరే తొట్లో పడుతుంది. కన్ను మూసి తెరిచేలోగా. ఇదివరకు ఆ గదిలో బారులు తీరి కూర్చున్న ఆడవాళ్లలో సగానికి పైగా ఇళ్లకి వెళ్లిపోయారు. చిన్నమ్మకి ఇప్పుడు వారానికి మూడురోజులే పని. యంత్రం ఏరినదాన్ని మరోసారి చూడటానికి, అది మూలపడితే దాని పని చేయడానికి.

“పన్లోకి అది వచ్చినందుకు కాదురా నా ఏడుపు” అంది చిన్నమ్మ. “బాగానే ఏరుతాది. నా కళ్లకీ సత్వారం వచ్చింది, నాకు తెల్దా? దసరాకి ఏటి సేసినాడో తెలుసా? ఆయుధపూజ అని దానికి పసుపు రాసి, బొట్టెట్టి, బంతిపూల దండేసి, మీద రవికెల గుడ్డ కప్పినాడు. పట్టుది! పెళ్లికూతురులాగ. మాకు మనిషికో మిఠాయి పొట్లం. ఇరవయ్యేళ్లలో ఒక్కపాలి రవికెల గుడ్డ ఎట్టినాడేటి మాకు?”

పిల్లలు మళ్లీ నవ్వారు. చిన్నమ్మా నవ్వింది. నాకు మాత్రం ల్యాప్‌టాప్ తెర మీద ఆగిపోయి ఉన్న ఆ నౌక బొమ్మ కనపడుతోంది.

మరో ముచ్చట కూడా ఆవిడే చెప్పింది. రేషన్ కొట్లో వేలిముద్ర పెట్టే యంత్రం ఉంటుందిగా? చిన్నమ్మ బొటనవేలు పెడితే ఎప్పుడూ అది ఒప్పుకోదు. జీడి తినేసిన వేలికి గీతలేవీ? ఎడమది, కుడిది, చూపుడువేలు, అన్నీ మార్చి మార్చి పెట్టాలి. వెనక వరస గొణుగుతుంది. “గింజలో ఆవగింజంత మచ్చ కనపడతాది ఒక మిషినికి. నా ఎదాన్నంత మనిషి కనపడదు ఇంకో మిషినికి” అంది. ఇలాంటి సంభాషణ మన రచయితలు రాస్తే హాలు దద్దరిల్లిపోదూ!

అప్పటికి నాకు చిట్టి మీద ఉన్న పేచీ తేలిపోయింది. యంత్రం మనిషిమీద అసూయపడటం సినిమాల్లో చూశాం. మనిషి యంత్రంమీద పడటం ఈ వాకిట్లో చూశాను. రెండూ ఒకే చెట్టు కాయలు. నౌక అడిగిందీ, చిట్టి అడిగిందీ, చిన్నమ్మ అడిగిందీ పెద్ద కోరికేం కాదు. వాడుకున్నన్నాళ్లు నేను పనికొచ్చాను కదా, నన్నూ ఒకసారి చూడు అని. ఆ అడగడాన్ని బొమ్మలవాళ్లు నవ్వుగా మార్చారు, శంకర్ యుద్ధంగా మార్చాడు. రవికెల గుడ్డ దాకా ఎవరూ రాలేదు.

మర్నాడు రాత్రి చిన్నమ్మ కోసమే ‘రోబో’ వేశాను. తెలుగే కాబట్టి నా వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. దోమ ఘట్టంలో విరగబడి నవ్వింది. పురుడు ఘట్టంలో “మంత్రసాని కూడా అంత బాగా సేయదు” అని మెచ్చుకుంది. గొడ్డలి ఎత్తేసరికి “వద్దురా, వద్దు” అని తెరకేసి చెయ్యి చాచింది. అక్కడే కరెంటు పోయింది. తెల్లారి లేవాలని పడుకుండిపోయింది.

లేచేసరికి ఫోను మోగుతోంది. అయిదున్నర. ఫ్యాక్టరీ మేస్త్రీ. వోల్టేజీ ఎక్కువై కలర్ సార్టర్ కాలిపోయిందట, విశాఖపట్నం నుంచి మెకానిక్కు రావాలట, మధ్యాహ్నానికి లోడు వెళ్లాలట, అందర్నీ వెంటనే రమ్మన్నాడట.

“సవితికి జొరమొచ్చిందే!” అని కేకేసింది చిన్నమ్మ పక్కింటావిడకి. ఆవిడ అప్పటికే క్యారేజీ సర్దుతోంది. నలుగురు ఆడవాళ్లు గబగబా జడలు చుట్టుకుంటూ వీధిమలుపు దగ్గరికి చేరారు. ‘బుజ్జి’ ఆటో వచ్చి ఆగింది.

ఎక్కబోతూ వెనక్కి తిరిగింది. “ఒరే నాయినా, ఆ చిట్టిగాణ్ణి మళ్లీ అతికిస్తారేటి? సాయంత్రం సెప్పు. రాత్రంతా అదే కలొచ్చింది నాకు.”